రిటైరయ్యాక ఆరోగ్య బీమా: సూపర్ టాపప్ కొనేముందు కింద ఏముందో చూసుకోండి

మూడేళ్ల కిందట మార్చి 31న రిటైరయ్యాను. శాలువా, పూలదండ, గోడ గడియారం అన్నీ ఇచ్చి పంపారు. ఏప్రిల్ మూడో వారంలో మా ఆవిడకు అర్ధరాత్రి కడుపునొప్పి వచ్చింది. పిత్తాశయంలో రాళ్లు, ఆపరేషన్ తప్పదన్నారు. నాకు కంగారు లేదు. యాభై అయిదో ఏట కొనుక్కున్న 20 లక్షల సూపర్ టాపప్ పాలసీ జేబులోనే ఉంది. ఇన్సూరెన్స్ కౌంటర్లో ఉన్న అమ్మాయి కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "అంకుల్, ఇది బిల్లు 5 లక్షలు దాటాకే పనిచేస్తుంది. బేస్ పాలసీ కార్డు ఉంటే ఇవ్వండి" అంది. బేస్ అంటే మొదటి రూపాయి నుంచి పనిచేసే కింది పాలసీ. నాకది మా కంపెనీ గ్రూపు పాలసీ. అది మార్చి 31తోనే సరి. బిల్లు లక్షా 46 వేలయింది, మొత్తం మా చేతి డబ్బే.

నేను చేసింది ఇంటికి పై అంతస్తు కట్టి, కింద అంతస్తు అద్దె ఇల్లని మరిచిపోవడం. మీరు అలా చేయకుండా ఉండాలని, ఆ తర్వాత నేను తెలుసుకున్నదంతా వరసగా రాస్తున్నాను. ముందుగా ఒక సంగతి. "ఏ కంపెనీ పాలసీ మంచిది?" అన్నది చివర అడగాల్సిన ప్రశ్న. మొదట అడగాల్సింది "ఇప్పుడు నాకున్న దాంట్లో చిల్లులు ఎక్కడున్నాయి?" అని.

మొదటి అడుగు: ఇప్పుడున్నదేమిటో ఒక కాగితం మీద పెట్టండి

నూటికి తొంభై మందికి ఏదో ఒక రక్షణ ఉండే ఉంటుంది అనుకుంటాం. ఉన్నదేమిటో, అది ఎంతవరకో మాత్రం తెలియదు. మీ ఉద్యోగాన్ని బట్టి లెక్క మారుతుంది.

ప్రైవేటు కంపెనీ ఉద్యోగులకు గ్రూపు పాలసీ సాధారణంగా ఉద్యోగంతో పాటే పోతుంది. కొన్ని కంపెనీలు రిటైరైనవాళ్లు సొంతంగా ప్రీమియం కట్టుకుని అందులోనే కొనసాగనిస్తాయి. మీ హెచ్‌ఆర్‌ను నోటిమాటగా కాదు, మెయిల్‌లో అడిగి జవాబు మెయిల్‌లోనే తీసుకోండి.

బ్యాంకుల్లో చేసినవాళ్లకు 2015 నుంచి బ్యాంకుల సంఘం ఐబీఏ గ్రూపు పాలసీ నడుస్తోంది. రిటైరైనవాళ్లు ప్రీమియం తామే కట్టుకోవాలి. రెన్యువల్ నవంబరు 1న వస్తుంది. ఒకసారి వదిలేస్తే మళ్లీ లోపలికి రానిస్తారన్న భరోసా లేదు కాబట్టి, ప్రీమియం చూసి చిరాకుపడి మానేసే ముందు బయట అదే వయసుకు, అవే జబ్బులకు ఎంత అడుగుతున్నారో కనుక్కోండి.

రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదారులకు ఈహెచ్‌ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం) కార్డు ఉంటుంది. తెనాలిలో టీచరుగా రిటైరైన మా బావగారిది ఇదే. ఆయనను "బావగారూ, మీ కార్డు ఎంతవరకు వస్తుంది?" అని అడిగితే "అన్నీ ఫ్రీయేనోయ్" అన్నారు. అన్నీ కాదు. జాబితాలో ఉన్న చికిత్సలకు, నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో, నిర్ణయించిన ప్యాకేజీ ధరకు, మీ జీతం స్థాయిని బట్టి వచ్చే వార్డులో. ఈ నాలుగు షరతుల్లో ఏ ఒక్కటి తప్పినా చేతి డబ్బు తీయాలి. కేంద్ర ప్రభుత్వంలో చేసినవాళ్లకు సీజీహెచ్‌ఎస్, మాజీ సైనికులకు ఈసీహెచ్‌ఎస్ ఉన్నాయి. నా దృష్టిలో ఇవి రెండూ బయట కొనగలిగే ఏ పాలసీ కంటే గట్టి పునాదులు, ఎందుకంటే ఆసుపత్రిలో చేరకుండా వాడే మందులు కూడా కొంతవరకు ఇందులోనే గడుస్తాయి.

చాలామందికి తెలియనిది ఒకటుంది. ఈఎస్‌ఐలో కనీసం అయిదేళ్లు ఉండి వయసు మీరి రిటైరైనవాళ్లు, ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలిద్దరూ ఈఎస్‌ఐ వైద్యం కొనసాగించుకోవచ్చు. మా ఫ్యాక్టరీలో పనిచేసి వెళ్లిన ఒక్కరికీ ఎవరూ ఈ సంగతి చెప్పలేదు.

ఇక వయసు 70 నిండితే ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది. 2024 అక్టోబరు 29న మొదలైంది. కుటుంబంలో 70 దాటినవాళ్లందరికీ కలిపి ఏడాదికి 5 లక్షలు. పాత జబ్బులకు వెయిటింగ్ (ఇన్నేళ్లు ఆగాకే ఇస్తామనే షరతు) లేదు, ప్రీమియం లేదు. ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్లూ తీసుకోవచ్చు. సీజీహెచ్‌ఎస్, ఈసీహెచ్‌ఎస్ ఉన్నవాళ్లు మాత్రం రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి. ఆధార్‌తో ఈ-కేవైసీ చేయించుకుంటే చాలు. ఇది తీసుకోకుండా ప్రైవేటు పాలసీల వెంట పరుగెత్తేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆదాయ పరిమితికి లోబడ్డ కుటుంబాలకు తెలంగాణలో ఆరోగ్యశ్రీ (2023 డిసెంబరు నుంచి ఏడాదికి 10 లక్షలు), ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఎలాగూ ఉన్నాయి.

కాగితం మీద ప్రతిదానికీ ఇవి రాయండి: ఏడాదికి ఎంత మొత్తం, ఎవరెవరికి, ఏ ఆసుపత్రుల్లో, గది పరిమితి ఎంత, ఎప్పటివరకు. అయిదో గడి ఖాళీగా ఉంటే అదే అసలు ప్రమాదం.

రెండో అడుగు: చిల్లులు వెతకండి

ఇది ఓపిగ్గా చేయాల్సిన పని. పాలసీ పత్రం చదివితే ఎవరికీ అర్థం కాదు. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఈ మధ్య ఆసుపత్రిలో చేరిన బంధువు ఎవరిదైనా ఫైనల్ బిల్లు, దాంతోపాటు బీమా కంపెనీ పంపిన సెటిల్‌మెంట్ లెటర్ అడిగి తెచ్చుకోండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గంటలో బీమా అంతా అర్థమవుతుంది.

ఉదాహరణకు గది అద్దె. పాలసీ 3 లక్షలు, గది అద్దె పరిమితి అందులో ఒక శాతం, అంటే రోజుకు 3,000. ఆసుపత్రిలో 6,000 గదిలో చేరారు. "తేడా రోజుకు మూడు వేలేగా, నాలుగు రోజులకు పన్నెండు వేలు, పెట్టుకుందాం" అనుకుంటాం. లెక్క అలా ఉండదు. గది అద్దె 24,000, సర్జన్, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటరు, నర్సింగ్ కలిపి 1,20,000, మందులు, పరీక్షలు, లోపల అమర్చిన పరికరం 90,000. మొత్తం 2,34,000. మీ అర్హత సగం గదికే కాబట్టి గది అద్దెలో సగం, అంటే 12,000 ఇస్తారు. దాంతో ముడిపడ్డ డాక్టరు, థియేటరు ఖర్చుల్లోనూ సగమే, 60,000. మందులు, పరీక్షలు, ఇంప్లాంట్ల మీద ఈ కోత వేయకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లోనే చెప్పింది కాబట్టి ఆ 90,000 పూర్తిగా వస్తాయి. మొత్తం 1,62,000. మీ చేతి నుంచి 72,000. పన్నెండు వేలు అనుకున్నది డెబ్బై రెండు వేలయింది. ఐసీయూ ఖర్చుల మీద కూడా ఈ దామాషా కోత కుదరదు, కౌంటర్లో ఎవరైనా వేస్తే అడగండి.

ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటుంది. ఈ 72,000 చిల్లును ఎంత పెద్ద సూపర్ టాపప్ ఉన్నా పూడ్చలేదు. బిల్లు మొత్తమే రెండు లక్షల చిల్లర, 5 లక్షల గీత దాటనే లేదు. అంటే చిల్లులు రెండు రకాలు. పైన బిల్లు పెరిగి పాలసీ మొత్తం చాలకపోవడం ఒకటి. కిందనే, చిన్న బిల్లులోనే కారిపోవడం రెండోది. సూపర్ టాపప్ మొదటిదానికే మందు. జనం కొనేది మొదటిదాని కోసం, నష్టపోయేది ఎక్కువసార్లు రెండోదాంట్లో.

కింద కారే చిల్లుల్లో గది అద్దె తర్వాతది కో-పే. సీనియర్ సిటిజన్ పాలసీల్లో 10, 20, ఒక్కోదాంట్లో అంతకంటే ఎక్కువ శాతం కూడా ఉంటుంది. 20 శాతమంటే 4 లక్షల బిల్లుకు 80,000 మీరు కట్టాలి. ప్రీమియం తక్కువ అనిపించే పాలసీల్లో తక్కువకు కారణం చాలాసార్లు ఇదే. కొన్నిటిలో ఫలానా ఊరి ఆసుపత్రికి వెళ్తే ఇంత కో-పే అన్న షరతూ ఉంటుంది. ఖమ్మంలో ఉంటూ, చిన్న ఊళ్ల జోన్ ప్రీమియం కట్టి, గుండె ఆపరేషన్‌కు హైదరాబాద్ వస్తే అది తగులుతుంది.

తర్వాత సబ్ లిమిట్లు. కంటి శుక్లాలకు కన్నుకు ఇంత, మోకాలి మార్పిడికి ఇంత అని గీతలు. ప్రామాణిక పాలసీగా 2020లో వచ్చిన ఆరోగ్య సంజీవనిలో శుక్లాలకు పాలసీ మొత్తంలో 25 శాతం లేదా కన్నుకు 40,000, ఏది తక్కువైతే అది. అదే పాలసీలో ప్రతి క్లెయిమ్‌కూ 5 శాతం కో-పే, గదికి రోజుకు గరిష్ఠంగా 5,000. తీసిపారేయాల్సిన పాలసీ కాదు గానీ, గీతలు తెలిసి తీసుకోవాలి. షుగరుతో కంటి లోపల ఇంజక్షన్లు వేయించుకునేవాళ్లు, రోబోటిక్ సర్జరీ, ఇమ్యునోథెరపీ లాంటి ఆధునిక చికిత్సలకు విడిగా పరిమితి ఉందేమో తప్పక చూడండి. కంటి ఇంజక్షన్ ఒక్కసారితో పోయేది కాదు.

గ్లౌజులు, మాస్కులు, డైపర్లు, అడ్మిషన్ కిట్ లాంటివి 68 రకాలు బీమా ఇవ్వనవసరం లేని జాబితాలో ఉన్నాయి. వినడానికి చిల్లరే, ఐసీయూలో పది రోజులుంటే చిల్లర కాదు. ఇవి కూడా ఇచ్చే యాడ్-ఆన్ (పాలసీకి అదనంగా జోడించుకునేది) దొరుకుతుంది. పెద్దవాళ్లకు నేను తీసుకోమనే ఒకే ఒక్క యాడ్-ఆన్ ఇది.

బీమా అసలు చూడనివి వేరే ఉన్నాయి: నెలనెలా మందులు, కన్సల్టేషన్ ఫీజులు, పళ్లు, వినికిడి యంత్రం, డిశ్చార్జి అయ్యాక ఇంట్లో పెట్టుకునే ఆయా. ముసలితనంలో నిత్యం ఖర్చయ్యేవి ఇవే. అమెరికాలో పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండి వచ్చేవాళ్లకు మరో ఖాళీ: మన పాలసీలు మామూలుగా ఈ దేశం దాటి పనిచేయవు. ఆ ఆర్నెల్లకు విడిగా ప్రయాణ బీమా చూసుకోవాలి.

ప్రభుత్వ పథకాల్లో చిల్లు డబ్బులో కాదు, తలుపు దగ్గర ఉంటుంది. బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపుతామనడం 2025లో రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. కార్డులో ఎన్ని లక్షలున్నా ఆరోజు బెడ్ దొరక్కపోతే ఏం లాభం? మా బావగారికి ఉన్న ఖాళీ ఇదే. ఆయనకు కావాల్సింది ఇంకో పది లక్షల ఎత్తు కాదు, రెండో తలుపు.

మూడో అడుగు: ఏ చిల్లుకు ఏ అతుకు

పాలసీ మొత్తం చాలకపోతే సూపర్ టాపప్. టాపప్, సూపర్ టాపప్ ఒకటే అనుకోకండి, తేడా చాలా ఉంది. రెండింటికీ 5 లక్షల డిడక్టిబుల్ (అది దాటాకే పాలసీ పనిచేసే గీత) అనుకుందాం. ఏడాదిలో ఒకసారి 3.5 లక్షల బిల్లు, ఇంకోసారి 4 లక్షల బిల్లు వచ్చాయి. టాపప్ ఒక్కో బిల్లును విడిగా చూస్తుంది, ఏదీ 5 దాటలేదు కాబట్టి పైసా ఇవ్వదు. సూపర్ టాపప్ ఏడాది మొత్తాన్ని కూడి 7.5 లక్షలుగా చూసి, దాటిన 2.5 లక్షలు ఇస్తుంది. అరవై దాటినవాళ్లకు ఒకే ఏడాది రెండు మూడుసార్లు చేరడం మామూలే. కాబట్టి ఉత్త టాపప్ ఊసే ఎత్తకండి. కంపెనీలు పేర్లు రకరకాలుగా పెడతాయి. పేరు చూసి కాదు, పత్రంలో డిడక్టిబుల్ "పాలసీ ఏడాదిలో మొత్తం క్లెయిముల మీద" అని ఉందో, "ప్రతి క్లెయిమ్ మీద" అని ఉందో చూసి తేల్చుకోండి.

కిందనే కారుతుంటే బేస్ పాలసీ మార్చుకోవాలి, లేదా దాని పక్కన చిన్నదైనా మంచి బేస్ ఇంకొకటి కొనాలి. గది పరిమితి లేని, కో-పే లేని 5 లక్షల పాలసీ, రెండూ ఉన్న 10 లక్షల పాలసీ కంటే మేలని నా గట్టి నమ్మకం.

హాస్పిటల్ క్యాష్, క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీల గురించి ఏజెంట్లు ఎక్కువ చెబుతారు. మొదటిది చేరినన్నాళ్లు రోజుకు ఇంత అని చేతికిస్తుంది. ఆయాకి, ఆటోలకి పనికొస్తుంది, అంతే. రెండోది జాబితాలోని పెద్ద జబ్బు బయటపడితే ఒకేసారి మొత్తం ఇస్తుంది. జీతం ఆగిపోయే వయసులో ఉన్నవాళ్లకు అది అండ. జీతమే లేని మనకు అంత ప్రీమియం పెట్టి కొనడం దండగ.

మందులు, పళ్లు, కళ్లద్దాలు వగైరాలకు బీమా వెతకొద్దు. వాటికి విడిగా ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ పెట్టండి. రెండున్నర లక్షల నుంచి మూడు లక్షలు మా ఇద్దరికీ సరిపోతోంది. బీపీ, షుగరు మాత్రలకు డాక్టరును అడిగి జన ఔషధి దుకాణానికి మారాం, నెల ఖర్చు సగానికి పైగా తగ్గింది.

నాలుగో అడుగు: డిడక్టిబుల్ ఎంత పెట్టుకోవాలి

డిడక్టిబుల్ అంటే "ఇంతవరకు నా తంటాలు నేను పడతాను, ఆపైన మీరు చూసుకోండి" అని మీరు కంపెనీకి చెప్పే మాట. ఆ "ఇంతవరకు" బేస్ పాలసీ నుంచి రావచ్చు, మీ బ్యాంకు ఖాతా నుంచీ రావచ్చు. బేస్ లేకపోయినా సూపర్ టాపప్ కొనొచ్చు. నాలాగా ఆ సంగతి మరిచిపోకుండా ఉంటే చాలు.

సాధారణంగా బేస్ మొత్తం ఎంతో డిడక్టిబుల్ అంత పెట్టమంటారు. బేస్‌లో కో-పే ఉంటే నేను ఒక మెట్టు కిందికి రమ్మంటాను. బేస్ 5 లక్షలు, 20 శాతం కో-పే ఉన్నవాళ్లు 3 లక్షల డిడక్టిబుల్ తీసుకున్నారనుకోండి. 4 లక్షల బిల్లులో బేస్ 3.2 లక్షలిచ్చాక మిగిలిన 80,000 కోసం సూపర్ టాపప్ తలుపు తట్టే వీలుంటుంది, ఎందుకంటే మొత్తం బిల్లు 3 దాటింది. ప్రీమియం కాస్త పెరుగుతుంది. ఇలా ఇస్తారా అని కొనేముందే కంపెనీకి మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. డిడక్టిబుల్ లెక్కలోకి వాళ్ల నిబంధనల ప్రకారం చెల్లే ఖర్చే వస్తుంది తప్ప బిల్లు అంతా రాదు.

బేస్‌గా ఈహెచ్‌ఎస్, ఆరోగ్యశ్రీ, వయ వందన కార్డు మీద లెక్కేసుకునేవాళ్లు జాగ్రత్త. అవి ప్యాకేజీ పద్ధతిలో నడుస్తాయి. ఆసుపత్రి మిమ్మల్ని ఏ పద్దు కింద చేర్చుకుంటే ఆ అడ్మిషన్ అంతా ఆ పద్దే. ఒకే కేసులో సగం ప్రభుత్వ కార్డు, పైసగం ప్రైవేటు సూపర్ టాపప్ అనేది ఆచరణలో కుదిరే పని కాదు. ఇలాంటివాళ్లు ప్రభుత్వ కార్డును ఒక తలుపుగా, సొంత పొదుపు మీద 3 లక్షల డిడక్టిబుల్ సూపర్ టాపప్‌ను రెండో తలుపుగా చూసుకోవాలి. మా బావగారికి చివరికి అదే చేశాం.

అయిదో అడుగు: క్యాలెండరు చూసి మొదలుపెట్టండి

రిటైర్మెంటుకు మూడు నాలుగేళ్ల ముందే మొదలుపెట్టాలి. పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠంగా 36 నెలలని 2024 ఏప్రిల్ నుంచి నిబంధన. అంతకుముందు 48 ఉండేది. శుక్లాలు, హెర్నియా, ప్రోస్టేట్, పిత్తాశయంలో రాళ్లు లాంటివాటికి చాలా పాలసీల్లో రెండేళ్లు ఆగాలి. ప్రమాదాలు తప్ప మిగతా వేటికైనా మొదటి 30 రోజులు ఏమీ రాదు. 57కే సొంత పాలసీ తీసుకుంటే, గ్రూపు పాలసీ కాపు కాస్తుండగానే ఈ వెయిటింగ్ అంతా నిశ్శబ్దంగా గడిచిపోతుంది. సూపర్ టాపప్‌కు కూడా విడిగా ఈ వెయిటింగ్ ఉంటుంది, బేస్‌లో గడిచింది కదా అనుకోకండి.

ఆలస్యమైపోయిందా? ఇంకో దారి ఉంది. గ్రూపు పాలసీ నుంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే హక్కు మీకుంది. గ్రూపులో గడిపిన కాలం వెయిటింగ్‌లో కలుస్తుంది. కంపెనీ మీ ఆరోగ్యం చూసి ప్రీమియం, షరతులు నిర్ణయిస్తుంది. గ్రూపు పాలసీ బతికి ఉండగానే, చివరి రోజుకు కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు పెట్టండి. సెండాఫ్ ఫంక్షన్ అయ్యాక కాదు.

65 దాటినవాళ్లకు పాలసీలు ఇవ్వరన్న పాత మాట ఇంకా తిరుగుతోంది. ఆ వయసు గీత 2024లో పోయింది. అయితే ప్రతి కంపెనీ ప్రతి ఒక్కరినీ తీసుకోవాలని కాదు, వైద్య పరీక్షలు చూసి కాదనవచ్చు. ఒకరు కాదంటే మరొకరిని అడగండి.

ఆరో అడుగు: ప్రపోజల్ ఫారం మీరే నింపండి

ఏజెంటు "షుగరు సంగతి రాయకండి సార్, ప్రీమియం పెరుగుద్ది" అంటాడు. రాయండి. మాత్ర పేరు, మోతాదు, ఏ ఏడాది నుంచి, పదేళ్ల కిందటి స్టెంటు, అన్నీ రాయండి. ఆసుపత్రిలో చేరగానే డ్యూటీ డాక్టరు కేసు షీటు మీద మొదట రాసేది "షుగరు 12 ఏళ్లుగా" అనే. బీమా కంపెనీ మొదట తెప్పించుకునేదీ ఆ కాగితమే. అయిదేళ్లు, అంటే 60 నెలలు తెగకుండా కట్టాక, మోసం రుజువైతే తప్ప "మీరు చెప్పలేదు" అన్న సాకుతో క్లెయిమ్ ఆపకూడదన్నది నిబంధన. ఆ అయిదేళ్లు గడిచేలోపే జబ్బు చేస్తే? ప్రీమియం పెరగడం అన్నది క్లెయిమ్ పోవడంతో పోలిస్తే గోటితో పోయేది.

ఆన్‌లైన్‌లో కొన్నా, ఏజెంటు దగ్గర కొన్నా ఓటీపీ చెప్పేముందు నింపిన ఫారం మొత్తం ఒకసారి చదవండి. మా అపార్ట్‌మెంటులో ఒకాయన ఫారంలో "జబ్బులు లేవు" అని ఎవరో టిక్కు పెట్టేశారు, ఆయనకు ఇప్పటికీ ఎవరో తెలియదు.

ఏడో అడుగు: ప్రీమియం ఈ ఏడాదిది కాదు, పదేళ్లది చూడండి

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, ఫ్యామిలీ ఫ్లోటర్ (కుటుంబమంతటికీ కలిపి ఒకే మొత్తం) పాలసీల మీద జీఎస్టీ లేదు, ముందు 18 శాతం ఉండేది. గ్రూపు పాలసీలకు ఈ మినహాయింపు లేదు కాబట్టి, రిటైరీ గ్రూపు పాలసీలో ఉన్నవాళ్లు రెండూ పోల్చేటప్పుడు పన్నుతో కలిపి పోల్చండి. అరవై దాటినవాళ్లకు ఏడాదికి 10 శాతం కంటే ఎక్కువ పెంచాలంటే కంపెనీలు ముందు ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది. మంచిదే. కానీ ఏటా పది చొప్పున పెరిగినా ఎనిమిదేళ్లలో రెట్టింపు దాటుతుంది. 62లో 40,000 కట్టగలిగి, 70లో 85,000 కట్టలేక పాలసీ వదిలేస్తే, అవసరమయ్యే వయసుకే గొడుగు మూసేసినట్టు. అందుకే పెద్ద బేస్ కంటే చిన్న బేస్, పైన సూపర్ టాపప్ అన్న కూర్పు చాలామందికి నడుస్తుంది. పై పొర ప్రీమియం కింది పొరకంటే బాగా తక్కువ.

పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అరవై దాటితే 50,000 వరకు ప్రీమియం మీద మినహాయింపు ఉంది, నగదుగా కాకుండా కడితే. బీమా లేనివాళ్లకు వైద్య ఖర్చుల మీదే ఆ మినహాయింపు వస్తుంది. కొత్త విధానంలో ఇవేమీ లేవు.

భార్యాభర్తలకు కలిపి ఫ్లోటరా, విడివిడిగానా? ఇద్దరిలో పెద్దవారి వయసును బట్టి ఫ్లోటరు ప్రీమియం పడుతుంది, ఒకరు వాడేస్తే ఇంకొకరికి మిగలదు. బేస్ విడివిడిగా, సూపర్ టాపప్ కలిపి తీసుకోవడం మేం చేసిన పని.

ఎనిమిదో అడుగు: పాలసీ చేతికొచ్చాక

30 రోజుల ఫ్రీ లుక్ ఉంటుంది. నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు, కొద్దిపాటి ఖర్చులు పోను డబ్బు వస్తుంది. పాలసీతోపాటు వినియోగదారు సమాచార పత్రం అని రెండు మూడు పేజీలది ఇస్తారు. పుస్తకమంత పాలసీ చదవలేకపోయినా అది చదవండి. గది, కో-పే, సబ్ లిమిట్లు, వెయిటింగ్, డిడక్టిబుల్, మీ కాగితంలో రాసుకున్న చిల్లులతో ఒక్కొక్కటే సరిచూడండి. పూడనిది కనిపిస్తే అప్పుడే మార్చుకోవాలి. రెన్యువల్ తేదీకి ఆటో డెబిట్ పెట్టండి. 30 రోజుల గడువు ఉన్నా దాని మీద ఆధారపడకండి.

తొమ్మిదో అడుగు: అవసరం పడిన రోజు

రెండు పాలసీలుంటే చేరిన రోజే ఇద్దరికీ చెప్పండి. "బిల్లు అంత అవదులే" అని సూపర్ టాపప్ కంపెనీకి చెప్పకపోవడం, తర్వాత బిల్లు గీత దాటడం చాలా ఇళ్లలో జరిగేదే. క్యాష్‌లెస్ అనుమతి గంటలో, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలని 2024 మేలో ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ఇచ్చింది. మూడు గంటలు దాటి ఆసుపత్రి అదనంగా వేస్తే ఆ ఖర్చు బీమా కంపెనీదే. మర్యాదగానే, కానీ గడియారం చూపించి అడగండి. మొదటి కంపెనీ ఇచ్చిన సెటిల్‌మెంట్ లెటరు, ఆసుపత్రి ముద్రతో బిల్లుల నకళ్లు, డిశ్చార్జి సమ్మరీ ఇల్లు చేరేలోపు ఫైల్లో ఉండాలి. రెండో క్లెయిమ్‌కు ఇవే ప్రాణం.

కంపెనీ కాదంటే ముందు వాళ్ల గ్రీవెన్స్ అధికారికి రాయండి. రెండు వారాల్లో తేలకపోయినా, జవాబు నచ్చకపోయినా ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్ ఉంది, ఫోన్ నంబరు 155255. ఆపైన బీమా అంబుడ్స్‌మన్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం వాళ్లకు ఆఫీసు హైదరాబాద్‌లోనే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల వరకు వివాదాలు చూస్తారు. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి.

మా ఇంట్లో ఇవన్నీ ఇప్పుడు ఒక ఆకుపచ్చ ఫైల్లో, పూజగది పక్కన అల్మారా పై అరలో ఉన్నాయి. అట్ట లోపల ఒక కాగితం అంటించాను: రెండు పాలసీ నంబర్లు, రెండు కంపెనీల ఫోన్లు, మా ఇద్దరి మాత్రల పేర్లు, గది అద్దె ఎంతవరకు అన్నది. నేను పడిపోతే ఆ ఫైలు తీయాల్సింది మా ఆవిడ. మొన్న ఆదివారం ఆమె చేతే ఒకసారి వెతికించి చూశాను. కళ్లజోడు దొరకడానికి పట్టిన టైములో సగం కూడా పట్టలేదు.